ఒక చట్రంలో ఇద్దరు

సైదులు నుదుటి మీది చెమటను కోటిరత్నం సగమే తుడిచింది. మొత్తం తుడవకూడదు. మొత్తం తుడిస్తే మనిషి మైనపుబొమ్మలా తయారవుతాడనీ, చూడవచ్చినవాళ్ళు "ఈయన మావాడు కాదు" అని లేచి వెళ్ళిపోతారనీ కూర్పు శిక్షణలో మొదట్లోనే చెబుతారు. సగం ఉంచితే నమ్ముతారు. అబద్ధానికైనా చిటికెడు ఉప్పు పడాలి.

తరవాత వెలుగు. ఎండలకు తాళలేనివాళ్ళు వచ్చి పడుకునే శీతశాలలో గొట్టపు దీపాల వెలుగు ముఖాన్ని పైనుంచి మొత్తినట్టు పడుతుంది. కళ్ళ కింద గుంటలు, ముక్కు కింద నల్లటి నీడ. రత్నం ఆ పైవెలుగును తగ్గించి, ఎడమ పక్కనుంచి వెన్నవెలుగు పోసింది. కుడి చెంప మీది నీడను పలచన చేసింది. తల వెనకనుంచి సన్నటి అంచువెలుగు వేసేసరికి జుట్టు చుట్టూ గీత గీసినట్టయి, మనిషి పరుపులోంచి విడివడి పైకి తేలాడు. బతికినన్నాళ్ళూ నాపరాళ్ళ క్వారీలో కమిలిన ముఖం ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినట్టుంది.

ఇక కోణం. పడకల్ని బొమ్మ పట్టే పడకకన్ను స్తంభం మీదనుంచి కిందికి చూస్తూ ఉంటుంది. పైనుంచి చూస్తే ఎంతటివాడైనా చిన్నబోతాడు. కిందనుంచి చూస్తే దేవుడైపోతాడు. అదీ నిషేధమే. చచ్చినవాళ్ళు దేవుళ్ళయితే బతికున్నవాళ్ళు ఊరేగింపు తీస్తారని శీతశాలలు నడిపే శాఖవారి భయం. అందుకని రత్నం బొమ్మలో ఆ కన్నును దించి, చూసేవాళ్ళ కంటికి సరిసమానంగా నిలిపింది.

దేహాన్ని ఇవ్వరు. బయటి ఎండవేడికి దేహం ఆగదు, శాల వెనక కొలిమికి వెంటనే పోతుంది. కానీ కడచూపు దక్కకపోతే మనవాళ్ళు ఊరుకుంటారా? మొదటి వేసవుల్లో శాల తలుపులు పగిలాయి, కాపలావాళ్ళ తలలూ పగిలాయి. అప్పుడు శాఖ కడచూపును బొమ్మగా కూర్చి ఇవ్వడం మొదలుపెట్టింది. ముందు దూరంనుంచి పడక, తరవాత నడుము దాకా మనిషి, తరవాత ముఖం. ఆ ముఖం ఎటో చూస్తుంది. అటువైపు ఒక కిటికీ, కిటికీలో ఊగే వేపకొమ్మ. ఆపైన అంతా తెలుపు.

శీతశాలకు కిటికీల్లేవు. పల్నాడు మొత్తానికి ఆ కిటికీ ఒక్కటే. ఎప్పుడో ఎవరో తీసి పెట్టిన వేపకొమ్మను చనిపోయిన ప్రతివాళ్ళ చూపుకూ అతికిస్తారు. చూసేవాళ్ళు మాత్రం తమవాళ్ళు ఆఖరిగా చల్లటి చెట్టును చూస్తూ పోయారని ఇంటికెళ్ళి చెప్పుకుంటారు. రెండు ముక్కల్ని పక్కపక్కన పెడితే మధ్యలో సంబంధాన్ని చూసేవాళ్ళే అల్లుకుంటారు. వాళ్ళ చేత అబద్ధం వాళ్ళకే చెప్పించడం కూర్పు పనిలో పెద్ద ఒడుపు.

గోడమీద ఒకే ఒక్క నియమం రాసి ఉంటుంది: 'ఒక చట్రంలో ఒకరే.' పక్క పడకలు కనిపించకూడదు. కనిపించక తప్పకపోతే మసకలో ఉండాలి. పడకకన్ను దగ్గరిదీ దూరందీ అన్ని లోతుల్నీ ఒకేసారి పట్టుకుంటుంది. వాటిలో ఏ లోతు తేటగా కనబడాలో, ఏది మసకైపోవాలో నాభిచక్రం తిప్పి కూర్పరి నిర్ణయిస్తుంది. ఆ చక్రం మీద యంత్రాన్ని పెట్టి చూశారు. యంత్రానికి కదిలేదంటే మోజు. కడచూపు నడుస్తుండగా చనిపోయిన మనిషిని వదిలేసి, వెనక పడకలో తన్నుకుంటున్నవాళ్ళ మీదికి దూకింది. ఆ రోజు చూపుగది అద్దాలు పగిలాయి. అప్పటినుంచీ చక్రం మీద మనిషి చెయ్యే ఉంటుంది. ఆ చెయ్యి ఉన్నంతసేపూ చూపు నడుస్తుంది, తీస్తే ముగుస్తుంది. మధ్యలో ఎవరూ ఆపడానికి వీల్లేదు. కడచూపు మధ్యలో ఆగడం అపచారమని, జనం చేత రాళ్ళ దెబ్బలు తిన్నాక శాఖ ఒప్పుకున్న షరతు అది.

నడుము దాకా వచ్చేసరికి సైదులు ఎడమ చెయ్యి అడ్డొచ్చింది. పడక దాటి పక్కకు చాచి ఉంది. అక్కడ చట్రాన్ని కత్తిరిస్తే ఎవరినో దీవిస్తున్నట్టుంటుందని కూర్పుల్ని తనిఖీ చేసే యంత్రం, సమీక్షణి, సూచన ఇచ్చింది. సమీక్షణి సలహాలు తెలివైనవే. ఇంకో మనిషికైతే రత్నం అలాగే కత్తిరించేది. కానీ సైదులు భార్య ఆదెమ్మ పొద్దున ముందుపలకరింపులో ఒక మాట అంది. ఆ మాట ఇంకా రత్నం చెవిలో గుచ్చుకుంటూనే ఉంది.

కూర్చేముందు అయినవాళ్ళను కూర్చోబెట్టి, మనిషిని ఎలా చూడాలనుకుంటున్నారో అడగడం ఆనవాయితీ. అందరూ ముఖమే అడుగుతారు. ఆదెమ్మ చేతులడిగింది.

"మొకం ఎందుకులే తల్లీ, మొకం నాకు గుర్తే. ఆ చేతులు చూపించు చాలు. మంచినీళ్ళు పక్కనే పెట్టుకోని ఎందుకు తాగలేదో ఆ చేతుల్నే అడగాల."

ఆమె కూడా నిరుడు వేరే శాలలో పడి ఉండి, బతికి బయటపడ్డ మనిషి. మొగుడు పోయిన కబురు ఆమెను వెతుక్కుంటూ వచ్చేసరికి ఏడాది కావచ్చింది. సంవత్సరీకం లోపల కడచూపైనా దక్కాలని వచ్చింది. కబురులో శాఖ ఒక్క ముక్క రాసింది: 'తనకిచ్చిన నీరు తాగకపోవుటచే మరణం.'

"ఆ రోజు పోట్లాడుకున్నాం," అంది ఆదెమ్మ, నేల వంక చూస్తూ. "ఇంట్లో ఉన్న కడివెడు నీళ్ళూ పక్కింటోళ్ళ దూడకి పోసినాడు. నాకు ఒళ్ళు మండింది. ఇకమీదట నీ నీళ్ళు నువ్వే తాగు, మా జోలికి రాబాకని అన్నా. ఇసురుగా ఎల్లిపోయినాడు. అలిగి శాలలో పడుకున్నాడు. నీళ్ళు ముట్టకుండా నా మీద పంతానికి సచ్చాడు తల్లీ. ఇంకేముంది? నా కొడుకు కూడా నువ్వే సంపినావంటన్నాడు."

రత్నం చీటీ మీద 'చేతులు' అని రాసుకుంది. కూర్పరి బదులు చెప్పకూడదని నియమం.

ఇప్పుడు ఆ చేతిని ఎక్కడ కత్తిరించాలో తేల్చుకోవడానికి చట్రాన్ని కాస్త వెడల్పు చేసింది. చెయ్యి ఇంకా పక్కకు పోయింది. ఇంకా వెడల్పు చేసింది. చేతి చివర ఒక నీళ్ళసీసా, దాని అవతల మసకలో ఒక ఆకారం. కూర్పరులు పక్క పడకల లోతుకు వెళ్ళరు. కానీ చెయ్యి ఎవరికోసం చాచాడో తెలియకపోతే ఆదెమ్మ మాట వదిలేలా లేదు. చక్రం తిప్పింది. సైదులు మసకైపోయాడు, పక్కనున్న ఆకారం తేటపడింది.

ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న తెగ. చిన్నప్పుడు రోలు మీద పడితే తెగినది. రత్నమే ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

అంజని.

రత్నం చెల్లెలు అంజని నిరుడు ఇదే శాలలో పోయింది. ఆమె కూర్పును తాకడానికి అక్కకు హక్కు లేదు. అయినవాళ్ళ బొమ్మల్ని కూర్పరి చేతికి కూర్చడానికివ్వరు. భుజంగరావుగారు కూర్చారు. ఆయన పెద్దకూర్పరి, ఆయన చేతిలో పడితే రాయి కూడా నిద్రపోతుందంటారు. ఆ కూర్పులో అంజని చివర్లో తల కుడివైపుకి తిప్పి నవ్వుతుంది. తరవాత కిటికీ, వేపకొమ్మ, తెలుపు. ఏడాదిగా రత్నం దాన్ని చూడని రోజు లేదు. శాలకు కిటికీల్లేవని రత్నానికి తెలియదా? ఆ కిటికీని రోజూ పదిమందికి అతికించే చెయ్యి తనదే కదా? అయినా చెల్లెలు వేపచెట్టును చూసి నవ్విందనే నమ్మింది. తన దాకా వస్తే ఎంత పనిమంతురాలికైనా బుద్ధి పనిచెయ్యదు. మందుల షాపువాడు తాయెత్తు కట్టించుకున్నట్టు నమ్మింది.

చక్రాన్ని చివరంటా తిప్పి, లోతునంతా ఒక్కసారిగా తెరిచింది. ఇద్దరూ తేటగా వచ్చారు. వాళ్ళ వెనక వరుస, ఆ వెనక ఇంకో వరుస, అందరూ వచ్చారు. బొమ్మను మొదటినుంచీ కోత లేకుండా నడిపించి చూసింది.

ప్రతి పడక పైనా నీలిదీపం ఉంటుంది. చలువ అందుతున్నంతసేపూ వెలుగుతుంది. ముందు అంజని మీది దీపం ఆరింది. తరవాత సైదులుది. తరవాత వరుసంతా ఒక్కొక్కటే, పెళ్ళి అయ్యాక పందిట్లో లైట్లు తీసేసినట్టు ఆరుకుంటూ పోయింది. ఆ వరుసవాళ్ళు బతకరని లెక్క తేలి ఉంటుంది, ఆ చలువ ఇంకో వరుసకు పోయి ఉంటుంది. అంజని సీసా అప్పటికే ఖాళీ. దాన్ని తలకిందులు చేసి నాలుక మీద దులుపుకుంది. రెండోసారి దులుపుకుంది. సైదులు చూశాడు. తన సీసా మూత తీసి, ఆ చెయ్యి చాచాడు. అందలేదు. మోచేతి మీద లేచి, పడక అంచుకు జరిగి, మళ్ళీ చాచాడు. అందింది. అంజని గటగటా తాగేసింది. కొంచెం మిగిల్చి ఇవ్వబోతే ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అంజని మూతి తుడుచుకుని, తల కుడివైపుకి తిప్పి ఆయనకేసి చూసి నవ్వింది.

ఆ నవ్వు వేపకొమ్మ కోసం కాదు.

ఆ తరవాతది కూడా రత్నం చూసింది. నీళ్ళు తాగినా అంజని ఎక్కువసేపు లేదు. ఆయన అంతకన్నా ముందే పోయాడు. పక్క వరుసల్లో చేతులు లేస్తున్నాయి, పడిపోతున్నాయి. కూర్పుబల్ల మీద తల ఆనించి కోటిరత్నం చప్పుడు లేకుండా ఏడ్చింది.

తలెత్తేసరికి భుజంగరావుగారు గుమ్మంలో ఉన్నారు.

"చక్రం ఎంత లోతుకి పోయిందో నా బల్ల మీద కనబడింది," అన్నారాయన.

"ఆ కిటికీ మీరు అతికించారు సార్."

"అతికించాను. నువ్వు రోజూ అతికించేదే."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఈ ఏడాది పాటు నీకు ఆ కిటికీ ఉండేదా?"

ఆయన మంచివాడు కాకపోతే బాగుండేదని రత్నానికి అనిపించింది. మంచివాళ్ళు కూర్చిన అబద్ధం గట్టిగా అతుక్కుంటుంది.

"ఆదెమ్మకి ఆయన చెయ్యి చూపించాలి సార్. ఆయన అలిగి చావలేదు. ఆమె తనే చంపానని కుమిలిపోతోంది."

"చెయ్యి చూపిస్తే అందుకున్నవాళ్ళని చూపించాలి. వాళ్ళని చూపిస్తే పైన దీపం కనబడుతుంది. దీపం కనబడితే వరుస కనబడుతుంది. ఒక్క పోగు లాగితే బట్టంతా ఊడొస్తుందమ్మా."

"పోనీ నోటితో చెబుతాను."

"చెప్పు. ఓదార్పు మాట అనుకుంటుంది. ఇక్కడ ఎవరికి చెప్పం ఓదార్పు మాటలు? అందరికీ చెబుతాం. ఎవరు నమ్ముతారు?" ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గొంతు తగ్గించారు. "చూడు రత్నం. ఈ చక్రాల మీద మనుషుల చేతులుండాలని ఏళ్ళ తరబడి కొట్లాడాను. నువ్వొక్కదానివి గీత దాటితే అందరి చేతులూ తీసేసి మళ్ళీ యంత్రాన్ని పెడతారు. ఈసారి దానికి బాగా నేర్పి పెడతారు. ఈ కొలువుతో వచ్చిన నీ చలువగది పోతుంది. వచ్చే ఎండల్లో నువ్వూ ఆ వరుసలోనే పడుకోవాలి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనిపించుకోకు."

"అక్కడ పడుకుంటే నన్నెవరు కూరుస్తారు సార్? మీరేనా?"

భుజంగరావుగారు కుర్చీని వెనక్కి నెట్టారు. లేచి వెళ్తూ, "చెయ్యి దగ్గర కత్తిరించు. దీవిస్తున్నట్టుంటుంది. బాగుంటుంది," అన్నారు.

రత్నం అలాగే కత్తిరించింది. సమీక్షణి ఆమోదించింది.

చూపుగదిలో ఒకే కుర్చీ. ఎదురుగా తెర, వెనక అద్దం, ఆ అద్దం వెనక కూర్పరి. ఆదెమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలకు కాస్త నీళ్ళద్దుకుని వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా నేలమీద కూర్చుంది. చావు దగ్గర కుర్చీలో ఎవరు కూర్చుంటారు? బయట వరండాలో తమ వంతు కోసం కాచుకున్న జనం తడిగుడ్డలతో విసురుకుంటున్న చప్పుడు లోపలికి వినబడుతోంది.

రత్నం చక్రం మీద చెయ్యి వేసింది. చూపు మొదలైంది.

దూరంనుంచి పడక. నడుము దాకా మనిషి. వెన్నవెలుగులో సైదులు. ఆదెమ్మ ముందుకు వంగింది. చెయ్యి వచ్చింది, మణికట్టు దగ్గర తెగిపోయి, ఎవరినో దీవిస్తున్నట్టు.

"ఎవర్ని దీవిస్తన్నావయ్యా?" అంది ఆదెమ్మ తెరతో. "నన్నా? నన్నెందుకు దీవిస్తావు? నీళ్ళు తాగితే ఏం పోయింది నీకు?" చీర కొంగు నోట్లో కుక్కుకుని, ముందుకీ వెనక్కీ ఊగసాగింది.

రత్నం నమ్మిన వేపకొమ్మ పొద్దుటే రాలిపోయింది. ఇక ఈమెకు ఇంకో కొమ్మ అతికించడం తన వల్ల కాదని రత్నానికి తెలిసిపోయింది. భయం వేసింది. అయినా ఎడమచేత్తో చట్రం మీటను పూర్తిగా వెనక్కి లాగింది, కుడిచేత్తో చక్రాన్ని చివరంటా తిప్పింది.

వెన్నవెలుగు చెదిరి గొట్టపు దీపాల తెల్లదనం మొత్తుతూ వచ్చింది. తుడిచిన చెమట తిరిగొచ్చింది. తెర పక్కకు పక్కకు వెడల్పయి, తెగిన చెయ్యి పెరిగి, చివర సీసా మొలిచి, సీసా అవతల అంజని మొలిచింది. సమీక్షణి ఎర్రదీపం వెలిగించింది: చట్రంలో ఇద్దరు. ఆ తరవాత దాని లెక్క పెరుగుతూనే పోయింది. కానీ చెయ్యి చక్రం మీద ఉంది. చూపు నడుస్తోంది. ఎర్రదీపం వెలగడం తప్ప దానికి చేతనైందేమీ లేదు.

ఆదెమ్మ ఊగడం ఆపింది. సైదులు మోచేతి మీద లేచాడు. అందలేదు. జరిగాడు. అందింది. ఆ పిల్ల తాగింది, మూతి తుడుచుకుంది, ఆయన్ని చూసి నవ్వింది.

"మళ్ళీ పోసినాడా!" అంది ఆదెమ్మ. నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి ఆమె గొంతులోంచి వచ్చింది. "దూడకి పోసినోడు మడిసికి పొయ్యకుండా ఉంటాడా? నా మీద అలగలేదు. నేనసలు గుర్తే లేను మారాజుకి!" నేలను రెండు చేతులా కొట్టింది. ఆపైన వెనక్కి తిరిగి అద్దం వైపు చూసింది. "ఆ పిల్లెవరు తల్లీ?"

కూర్పరి మాట్లాడకూడదు. రత్నం మాట్లాడింది.

"మా చెల్లెలు."

"బతికిందా?"

"లేదమ్మా."

ఆదెమ్మ తెర వైపు తిరిగింది. అంజని ఇంకా నవ్వుతోంది.

"తాగిందిగా," అంది.

తరవాత ఆమె చూపు పైకి పోయింది. ఆరిన దీపం దగ్గర ఆగింది. పక్కదానికి జరిగింది. ఆ పక్కదానికి. వరుసంతా చూసింది, ఆ వెనక వరుసలో లేస్తున్న చేతుల్ని చూసింది. నిరుడు ఆమె పడుకున్న శాలలోనూ దీపాలుండేవి. ఆమె మీదిది మాత్రం ఆరలేదు. అదెందుకు ఆరలేదో ఆమెకు ఇప్పుడు అర్థమైనట్టుంది. కాళ్ళు కూడదీసుకుని లేచింది. వెళ్ళి చూపుగది తలుపు బార్లా తీసింది.

"రండయ్యా, రండమ్మా," అని వరండాలోకి కేకేసింది. "అందరూ ఈడనే ఉన్నారు. మీవోళ్ళుంటే చూసుకోండి!"

ఒకరి వెనక ఒకరు వచ్చారు. గది నిండింది, గుమ్మం నిండింది. తరవాత ఒక మూలనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఇంకో మూలనుంచి ఇంకో పేరు వినబడింది. వేపచెట్టును చూస్తూ పోయారని ఊరంతా చెప్పుకున్నవాళ్ళ పేర్లు అవి.

అద్దం వెనక తలుపు తెరుచుకుంది. భుజంగరావుగారు ఆయాసపడుతూ లోపలికొచ్చారు.

"రత్నం, చెయ్యి తియ్యి. నీకు దణ్ణం పెడతాను, తియ్యి. చూసి ఏం చేస్తారు వాళ్ళు? పోయినవాళ్ళు లేచొస్తారా?"

లేచిరారు. ఈ ఎండల్లోనూ ఇంకో వరుస ఆరుతుంది. రత్నానికి ఆ సంగతి ఆయనకన్నా తక్కువేమీ తెలియదు. ఆమె చెయ్యి తియ్యలేదు. ఆయన దగ్గరికొచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నారు. పట్టుకున్నారేగాని, లాగలేకపోయారు.

గుంపులోంచి ఒక ముసలాయన తెర దాకా వెళ్ళి, చిట్టచివరి వరుసలో ఇంకా మసగ్గా ఉన్న ఒక పడక మీద వేలు పెట్టాడు.

"ఇది మా అమ్మాయిలాగుంది. కాస్త తేటగా చూపించు తల్లీ," అన్నాడు.

తేటపడితే ఏం కనబడుతుందో రత్నానికి తెలుసు. చక్రం తిప్పింది.